లోపలి ఖాళీలు, బదిలీలు: ఏ పద్ధతి ఏ సంస్థకు సరిపోతుంది?

ఒక టీమ్‌లో పోస్టు ఖాళీ అవుతుంది. హెచ్‌ఆర్ బయట ప్రకటన ఇస్తుంది. అదే పనిలోకి మారాలని ఎంతో కాలంగా ఎదురుచూస్తున్న ఉద్యోగి పక్క డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. ఆ ఖాళీ సంగతి వాళ్లకు జాబ్ సైట్‌లో చూశాకే తెలుస్తుంది. ఇంత పని చేసినా ఒక్క మాట చెప్పలేదన్న బాధతో వాళ్లు వేరే కంపెనీల వైపు చూడటం మొదలుపెడతారు. సంస్థ ఒక ఖాళీ నింపుకునే తొందరలో ఇంకో ఖాళీ తెచ్చుకుంటుంది.

డబ్బు లెక్కలో చూసినా ఇది నష్టమే. వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మాథ్యూ బిడ్వెల్ ఒక అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఉద్యోగుల రికార్డులు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే రకం పోస్టుల్లో, లోపలి నుంచి ప్రమోషన్ మీద వచ్చినవాళ్ల కంటే బయటి నుంచి వచ్చినవాళ్లకు సుమారు 18 శాతం ఎక్కువ జీతం ఇచ్చారని తేలింది. అయినా మొదటి రెండేళ్లలో వాళ్ల రేటింగులు తక్కువగానే ఉన్నాయి. ఉద్యోగం వదిలి వెళ్లడం కూడా వాళ్లలోనే ఎక్కువ.

సరే, లోపలివాళ్లకే ముందు అవకాశం ఇద్దాం అనుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. అందరికీ ప్రకటించాలా, మేనేజర్లే మనిషిని ఎంచుకోవాలా? సీనియారిటీ చూడాలా? రెండు మూడేళ్లకోసారి సంస్థే అందరినీ మార్చాలా? ఖాళీలనూ ఉద్యోగులనూ జతచేసే సాఫ్ట్‌వేర్ కొనాలా? పాలసీ రాయాల్సిన హెచ్‌ఆర్ వాళ్లు, చిన్న సంస్థ నడిపేవాళ్లు, టీమ్ లీడ్‌లు ఎక్కువగా ఆగిపోయేది ఈ ప్రశ్నల దగ్గరే. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఐదింటిలో ఏది ఎంచుకున్నా, ప్రస్తుత మేనేజర్‌కు "పంపను" అనే అధికారం ఎంతవరకు ఉందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అందుకే పద్ధతుల పోలిక తర్వాత ఆ విషయానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

## పోల్చే ముందు ఏం చూడాలి

మొదట చూడాల్సింది, ఖాళీ ఉందని ఎవరికి తెలుస్తుంది అన్నది. మేనేజర్‌తో రోజూ టీ తాగే నలుగురికేనా, నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకూ, వేరే బ్రాంచిలో ఉన్నవాళ్లకూ, సెలవులో ఉన్నవాళ్లకూ తెలుస్తుందా? ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగికి ఆ మెయిల్ చేరుతుందా? ఇలాంటి చిన్న ప్రశ్నే పద్ధతి ఎంత న్యాయంగా ఉందో బయటపెడుతుంది.

రెండోది, బదిలీని ఎవరు ఆపగలరు, ఎంతకాలం ఆపగలరు. పాలసీలో "పరస్పర అంగీకారంతో" అని రాసి ఉంటే ఆచరణలో దాని అర్థం చాలాసార్లు "మేనేజర్ ఇష్టం" అనే.

మూడోది సమయం. దరఖాస్తులు పిలిచి, వడపోసి, ఇంటర్వ్యూ చేసి, రిలీవ్ చేయించేసరికి వారాలు గడుస్తాయి. ఒక యంత్రం ఆపరేటర్ పోస్టు అన్ని వారాలు ఖాళీగా ఉండలేదు. ప్లానింగ్ మేనేజర్ పోస్టు ఉండగలదు.

నాలుగోది, మనిషిని వదులుకునే టీమ్ సంగతి. లోపలి బదిలీ ప్రతిసారీ ఖాళీని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంది. ఆ రెండో ఖాళీ ఎవరు నింపుతారో ముందే చెప్పకపోతే మేనేజర్లు అడ్డుపడటం సహజం.

ఐదోది, ఎంపిక కానివాళ్లకు ఏం జరుగుతుంది. బయటి అభ్యర్థిని కాదంటే అతను ఇంకో చోట ప్రయత్నించుకుంటాడు. లోపలి అభ్యర్థిని కాదంటే రేపు ఉదయం అదే ఆఫీసుకు, అదే సీటుకు రావాలి.

ఆఖరిది జీతం. మారితే పెరుగుతుందా, ఎంత, ఎప్పటి నుంచి? దీని గురించి పాలసీ మౌనంగా ఉంటే ప్రతి బదిలీ ఒక బేరంగా మారుతుంది.

| పద్ధతి | ఎవరికి తెలుస్తుంది | వేగం | బలం | బలహీనత |
|---|---|---|---|---|
| ఐజేపీ (అందరికీ ప్రకటన) | అందరికీ | నెమ్మది | ఎక్కువమందిలోంచి ఎంపిక, నమ్మకం | ఎంపిక కానివాళ్లు ఎక్కువవుతారు |
| మేనేజర్ ఎంపిక | కొద్దిమందికి | చాలా వేగం | అత్యవసరానికి పనికొస్తుంది | పరిచయాలదే పైచేయి |
| సీనియారిటీ వరుస | అర్హులందరికీ | మధ్యస్థం | వివాదాలు తక్కువ | నైపుణ్యం వెనకబడుతుంది |
| రొటేషన్, ఆజ్ఞపై బదిలీ | సంస్థే నిర్ణయిస్తుంది | ముందే తెలిసిన తేదీ | విస్తృత అనుభవం, నియంత్రణ | ఉద్యోగి కుటుంబం మీద భారం |
| టాలెంట్ మార్కెట్‌ప్లేస్ | ప్రొఫైల్ నింపినవాళ్లకు | పనిని బట్టి | చిన్న ప్రాజెక్టులతో పరీక్షించుకోవచ్చు | ఖర్చు, పాతబడిన సమాచారం |

## ఐజేపీ: అందరికీ ఒకేసారి చెప్పడం

ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్‌ను ఆఫీసుల్లో అందరూ ఐజేపీ అనే పిలుస్తారు. ఖాళీని మెయిల్‌లోనో, పోర్టల్‌లోనో, నోటీస్ బోర్డు మీదో పెడతారు. అర్హత ఉన్నవాళ్లు దరఖాస్తు చేస్తారు. ఇంటర్వ్యూ జరుగుతుంది. జర్మనీలో అయితే ఉద్యోగుల ప్రతినిధులుండే వర్క్స్ కౌన్సిల్ కోరితే, ఖాళీలను ముందు సంస్థ లోపల ప్రకటించాల్సిందే. చట్టమే ఆ హక్కు ఇచ్చింది.

దీని ఫలితాల మీద మంచి ఆధారం ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఆర్. కెల్లర్ ఒక పెద్ద అమెరికన్ ఆరోగ్య సేవల సంస్థలో జరిగిన వేల లోపలి నియామకాలను పరిశీలించి 2018లో ప్రచురించారు. మేనేజర్ తానే ఎంచి కూర్చోబెట్టినవాళ్ల కంటే, ప్రకటన చూసి పోటీలో వచ్చినవాళ్లు కొత్త పోస్టులో మెరుగ్గా పనిచేశారు. సంస్థను వదిలి వెళ్లడమూ తక్కువే. వాళ్లకు జీతమూ ఎక్కువ వచ్చింది. మేనేజర్‌కు తనకు తెలియని మనుషులు కూడా కనబడటం, ఒకే కొలతతో అందరినీ చూడాల్సి రావడం ఇందుకు కారణాలు. ఉద్యోగి వైపు చూస్తే, తానే కోరుకుని వచ్చిన పని మీద మనసు నిలుస్తుంది.

ఐజేపీ చెడిపోయేది ప్రకటన దగ్గరే. "చురుకైన, బాధ్యతగల అభ్యర్థి కావలెను" అని రాస్తే ఎవరు దరఖాస్తు చేయాలో ఎవరికీ తెలియదు. మంచి ప్రకటనలో రోజువారీ పని ఏమిటి, గ్రేడ్ ఏమిటి, జీతం ఏ పరిధిలో ఉంటుంది, షిఫ్ట్, పనిచేసే చోటు, తప్పక ఉండాల్సిన నైపుణ్యాలు, తర్వాత నేర్చుకోదగినవి, ఎంపిక చేసేది ఎవరు, ఆఖరు తేదీ ఉండాలి. ఇంకొకటి కూడా ఉండాలి: ఆ పోస్టులో ఇప్పటికే ఎవరైనా తాత్కాలికంగా పనిచేస్తున్నారా, వాళ్లూ పోటీలో ఉన్నారా అన్నది. ఇది దాచిపెడితే మిగతా అభ్యర్థుల సమయం వృథా చేసినట్టే.

మనిషిని ముందే ఖరారు చేసుకుని, రూల్ కోసం ఐజేపీ పెట్టడం అన్నిటికన్నా హాని చేస్తుంది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి నిజమైన ప్రకటనకు కూడా ఎవరూ దరఖాస్తు చేయరు. ఖరారైపోతే ప్రకటించకండి. ఫలానా వారిని ఫలానా కారణంతో నియమించామని నేరుగా చెప్పేయండి. ఉద్యోగులు దాన్ని అర్థం చేసుకుంటారు.

గడువు విషయంలో 7 నుంచి 10 పనిదినాలు సరిపోతాయి. లోపల, బయట ఒకేసారి ప్రకటిస్తే సమయం కలిసొస్తుంది. కానీ లోపలివాళ్లకు ముందు ఒక వారం ఇచ్చి తర్వాత బయటికి వెళ్లడం మేలని నా సలహా. ఆ ఒక్క వారం ఆలస్యం వల్ల ఆగిపోయే పోస్టులు నిజానికి కొన్నే.

ఇక అర్హతలు. ప్రస్తుత పోస్టులో కనీసం 12 నెలలు పూర్తి చేసి ఉండాలనడం సమంజసం. గత అప్రైజల్‌లో మంచి రేటింగ్ ఉండాలన్న షరతు దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. తనకు సరిపడని పనిలో ఇరుక్కున్నందుకే రేటింగ్ తగ్గినవాళ్లు ఉంటారు. వాళ్లకు బదిలీయే మందు కావచ్చు. క్రమశిక్షణ చర్య నడుస్తుంటే ఆపండి, తక్కువ రేటింగ్ వచ్చినంత మాత్రాన తలుపు మూయకండి.

## మేనేజర్ తానే మనిషిని ఎంచుకోవడం

"ఆ అమ్మాయి బాగా చేస్తుంది, ఆమెను తీసుకుందాం." చాలా సంస్థల్లో లోపలి నియామకాలు ఇప్పటికీ ఈ ఒక్క వాక్యంతోనే జరిగిపోతాయి. ఇందులో మంచి లేదనను. రెండు రోజుల్లో పని అయిపోతుంది. గోప్యంగా ఉంచాల్సిన పోస్టులకు, ఉన్నట్టుండి ఎవరైనా మానేసినప్పుడు, ఒక్కరికే తెలిసిన ప్రత్యేక నైపుణ్యం కావాల్సినప్పుడు ఇంతకంటే దారి ఉండదు. తనంతట తాను ముందుకు రావడానికి మొహమాటపడే మంచి ఉద్యోగిని గుర్తించి, "నువ్వు చేయగలవు" అని ధైర్యం చెప్పేదీ ఇలాంటి మేనేజరే.

చిక్కల్లా కంటికి కనబడే పరిధి. మేనేజర్ ఎదురుగా కూర్చున్నవాళ్లు, ఒకే కాలేజీవాళ్లు, ఆఫీసు అయ్యాక కలిసి తిరిగేవాళ్లు ముందు గుర్తుకొస్తారు. ఇంటి బాధ్యతల వల్ల సమయానికి వెళ్లిపోయే మహిళా ఉద్యోగి, దూరం నుంచి పనిచేసేవాళ్లు, మాట తక్కువ మనిషి గుర్తుకురారు. ఇందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. ఏళ్ల తరబడి అలా జరిగితే మాత్రం పై పోస్టులన్నీ ఒకే రకం మనుషులతో నిండిపోతాయి.

ఈ పద్ధతిని ఉంచుకునేవాళ్లు రెండు కట్టుబాట్లు పెట్టుకుంటే నష్టం బాగా తగ్గుతుంది. ఒకటి, కనీసం ముగ్గురి పేర్లు పరిశీలించినట్టు, వాళ్లలో ఒక్కరైనా తన టీమ్ బయటివాళ్లైనట్టు రాసివ్వాలి. రెండు, నియామకం తర్వాత కారణం అందరికీ తెలియజేయాలి. కారణం రాయాల్సి వస్తుందని తెలిస్తే ఎంపికలో శ్రద్ధ పెరుగుతుంది.

## సీనియారిటీ వరుస

ఫ్యాక్టరీలు, రైల్వేలు, విమానయాన సంస్థలు, యూనియన్ ఒప్పందాలున్న చోట్ల ఇది బాగా పాతుకుపోయింది. పైలట్లు ఏ విమానం నడపాలి, ఏ బేస్‌లో ఉండాలి అన్నది కూడా చాలా ఎయిర్‌లైన్స్‌లో సీనియారిటీ జాబితా ప్రకారమే తేలుతుంది. ఒకే పని, వేర్వేరు షిఫ్టులు, వేర్వేరు చోట్లు, పనికి లైసెన్సు లేదా పరీక్ష ఉంది. ఇలాంటి పరిస్థితికి ఇది చక్కగా సరిపోతుంది. నైపుణ్యం ముందే రుజువైంది కాబట్టి మిగిలేది ఎవరి వంతు అన్న ప్రశ్నే. అక్కడ ఏళ్ల లెక్క కంటే గొడవలేని కొలత దొరకదు.

పని స్వభావం మారే పోస్టులకు మాత్రం దీన్ని వాడకూడదు. సూపర్‌వైజర్ పోస్టుకు కేవలం సీనియర్ అని పంపితే ఒక మంచి పనివాడిని కోల్పోతారు, ఇబ్బందిపడే సూపర్‌వైజర్‌ను తెచ్చుకుంటారు. అలాంటి చోట అర్హత పరీక్ష నెగ్గినవాళ్లలో సీనియర్‌కు ఇవ్వడం మధ్యే మార్గం.

## రొటేషన్, ఆజ్ఞపై బదిలీ

ఇక్కడ ఉద్యోగి దరఖాస్తు చేయడు, సంస్థే మారుస్తుంది. నగదు, కొనుగోళ్లు, రుణాల మంజూరు వంటి సీట్లలో ఒకే మనిషి ఏళ్ల తరబడి ఉంటే మోసాలకు చోటు దొరుకుతుంది. అందుకే బ్యాంకులు ఇలాంటి సీట్లను తరచూ మారుస్తుంటాయి. కొత్తగా చేరిన ట్రైనీలను 6 నెలలకో డిపార్ట్‌మెంట్ చొప్పున తిప్పడం కూడా ఈ కోవలోదే. ఆ దశలో ఇది నిజంగా మేలు చేస్తుంది. ఎవరికి ఏ పని నచ్చుతుందో వాళ్లకే అప్పుడు తెలుస్తుంది.

కుటుంబం ఏర్పడ్డాక చోటు మారే బదిలీ వేరే సంగతి. జీవిత భాగస్వామి ఉద్యోగం, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల వైద్యం అన్నీ కదలాలి. ఈ పద్ధతిని అన్నిటికన్నా గట్టిగా పాటించింది జపాన్ పెద్ద కంపెనీలు. టోవా పెయింట్ కేసులో 1986లో అక్కడి సుప్రీంకోర్టు యజమానికి విస్తృతమైన బదిలీ అధికారం ఉందని చెప్పింది. కుటుంబ కారణాలతో ఉద్యోగి కాదన్న ఆ బదిలీ ఆదేశం అధికార దుర్వినియోగం కాదని తేల్చింది. 2024లో అదే కోర్టు ఒక పరిమితి గీసింది. ఫలానా పనికే అని ఒప్పందం ఉన్న ఉద్యోగిని అతని అంగీకారం లేకుండా వేరే రకం పనికి మార్చే అధికారం యజమానికి లేదంది. ఆ దేశంలోనే సోనీ కంపెనీ 1966లోనే లోపలి ఖాళీలను ప్రకటించే పద్ధతి తెచ్చింది. పై అధికారి అనుమతి లేకుండానే ఉద్యోగులు దరఖాస్తు చేసుకోవచ్చని రూలు పెట్టింది. ఆజ్ఞపై బదిలీ అలవాటైన చోట కూడా కోరుకుని మారే దారి ఒకటి తెరిచి ఉంచవచ్చు.

మీ సంస్థలో రొటేషన్ తప్పనిసరైతే, ఏ పోస్టులకు వర్తిస్తుందో నియామక పత్రంలోనే చెప్పండి. బదిలీకి కనీసం 2, 3 నెలల ముందు తెలియజేయండి. మినహాయింపు కోరే దారి రాతపూర్వకంగా ఉంచండి. ఒక పోస్టులో ఎవరైనా నచ్చలేదని వాళ్లను దూరపు ఆఫీసుకు పంపడానికి ఈ అధికారాన్ని వాడితే, అది శిక్ష అని అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత మంచి ఉద్దేశంతో చేసిన బదిలీని కూడా శిక్షగానే చూస్తారు.

## టాలెంట్ మార్కెట్‌ప్లేస్

ఉద్యోగులు తమ నైపుణ్యాలు, ఆసక్తులు ఒక పోర్టల్‌లో నింపుతారు. టీమ్‌లు తమ పోస్టులు, చిన్న ప్రాజెక్టులు అందులో పెడతాయి. సాఫ్ట్‌వేర్ రెండింటినీ జతచేస్తుంది. యూనిలీవర్‌లో ఫ్లెక్స్ ఎక్స్‌పీరియన్సెస్, ష్నైడర్ ఎలక్ట్రిక్‌లో ఓపెన్ టాలెంట్ మార్కెట్ పేరుతో ఉన్నవి ఇలాంటివే.

దీనిలో నాకు బాగా నచ్చేది పూర్తి బదిలీ కాదు, వారానికి కొన్ని గంటలు వేరే టీమ్ ప్రాజెక్టులో పనిచేయగల వీలు. ఉద్యోగి ఆ పని తనకు పడుతుందా అని చూసుకుంటాడు. అవతలి మేనేజర్ ఇంటర్వ్యూలో తెలియని సంగతులు తెలుసుకుంటాడు. ఇద్దరికీ నచ్చకపోతే ఎవరి పరువూ పోకుండా ఎవరి పని వాళ్లు చేసుకుంటారు.

వందల మంది ఉన్న సంస్థకు ఈ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్, నెలకోసారి టీమ్ లీడ్‌ల సమావేశం అదే పని చేస్తాయి. వేలల్లో ఉద్యోగులు, పలు దేశాల్లో ఆఫీసులు ఉంటేనే ఖర్చు గిట్టుబాటవుతుంది. ఉన్నా కూడా, చేరినప్పుడు నింపిన ప్రొఫైల్‌ను ఎవరూ మళ్లీ ముట్టుకోకపోతే సాఫ్ట్‌వేర్ చూపించే పోస్టులు ఎవరికీ సరిపోవు. వారానికి 4 గంటలు వేరే ప్రాజెక్టుకు ఇస్తానంటే సొంత మేనేజర్ ముఖం ముడుచుకునే చోట పోర్టల్ ఎంత అందంగా ఉన్నా ఖాళీగానే ఉంటుంది.

## అసలు ప్రశ్న: మేనేజర్‌కు ఎప్పుడు చెప్పాలి?

ఇక్కడ మూడు దారులున్నాయి. దరఖాస్తుకు ముందే మేనేజర్ అనుమతి తీసుకోవాలనడం మొదటిది. షార్ట్‌లిస్ట్ అయ్యాక, ఇంటర్వ్యూకు ముందు తెలియజేయడం రెండోది. ఎంపిక పూర్తయ్యాక చెప్పడం మూడోది.

మొదటిది పైకి మర్యాదగా కనిపిస్తుంది. లోపల భయం దాగి ఉంటుంది. "నేను వెళ్లాలనుకుంటున్నాను" అని చెప్పిన ఉద్యోగికి అవతల పోస్టు రాకపోతే, ఇవతల అప్రైజల్ దగ్గరపడితే ఆ టెన్షన్ చిన్నది కాదు. మంచి పని ఇక తనకు ఇవ్వరేమో, ఇంక్రిమెంట్ తగ్గుతుందేమో అని చాలామంది అసలు దరఖాస్తే చేయరు. ఆర్థికవేత్త ఇంగ్రిడ్ హేగెలే ఒక పెద్ద తయారీ సంస్థ రికార్డులతో చేసిన పరిశోధన దీన్ని లెక్కలతో చూపించింది. మంచి ఉద్యోగులను మేనేజర్లు తమ దగ్గరే అట్టిపెట్టుకోవడం అక్కడ ఉందని నాలుగింట మూడు వంతుల మంది మేనేజర్లు చెప్పారు. ఆ అడ్డు తాత్కాలికంగా తగ్గినప్పుడు, అంటే మేనేజరే వేరే పోస్టుకు మారుతున్న సమయంలో, కింది ఉద్యోగులు ప్రమోషన్లకు పెట్టుకున్న దరఖాస్తులు 123 శాతం పెరిగాయి. కోరిక ముందు నుంచీ ఉందన్నమాట, దారిలో మనిషి ఉన్నాడు.

మూడోది ఉద్యోగికి పూర్తి రక్షణ. కానీ మేనేజర్‌కు అకస్మాత్తుగా తెలుస్తుంది. కొత్త మేనేజర్‌కు అభ్యర్థి గురించి పాత టీమ్ అభిప్రాయం తెలుసుకునే వీలుండదు.

ఎక్కువ సంస్థలకు నేను సిఫారసు చేసేది రెండోది. షార్ట్‌లిస్ట్ అయ్యాక హెచ్‌ఆర్ ద్వారా మేనేజర్‌కు తెలియజేయాలి. మేనేజర్ అభిప్రాయం చెప్పవచ్చు, ఆపకూడదు. అతని చేతిలో ఉండాల్సింది రిలీవింగ్ తేదీ మాత్రమే, అదీ 30 నుంచి 45 రోజుల లోపు. ఇంకా గడువు కావాలంటే కారణం రాసి పైవాళ్ల ఆమోదం తీసుకోవాలి, ఒక్కసారికే. బయటి కంపెనీకి వెళ్లే ఉద్యోగిని నోటీస్ పీరియడ్ అవగానే వదిలేస్తాం. లోపల ఉండిపోదామనుకున్నవాళ్లను ఆరు నెలలు పట్టి ఉంచడంలో అర్థం లేదు.

మేనేజర్ కష్టం కూడా నిజమైనదే, దాన్ని తీసిపారేయకూడదు. ఏళ్లు వెచ్చించి తయారుచేసిన మనిషి వెళ్లిపోతాడు, టార్గెట్ మాత్రం తగ్గదు. అందుకే రిలీవింగ్ గడువుతో పాటు మూడు ఏర్పాట్లు ఉండాలి. బదిలీ ఖరారైన రోజే ఆ ఖాళీకి కొత్త మనిషిని తీసుకునే ఆమోదం మళ్లీ అడగకుండా వచ్చేయాలి. ఆ త్రైమాసికం టార్గెట్ సవరించాలి. తన దగ్గరి నుంచి పై పోస్టులకు ఎందరు వెళ్లారన్నది మేనేజర్ అప్రైజల్‌లో మంచి మార్కుగా చేరాలి. ఈ మూడోది చేసిన సంస్థల్లో మేనేజర్లే తమ వాళ్లను ముందుకు తోస్తారు.

ఇంకో చిన్న హెచ్చరిక. "కొన్నాళ్లు రెండు టీమ్‌ల పనీ చూడు" అనే సర్దుబాటు చాలా చోట్ల జరుగుతుంది. చివరి తేదీ రాతలో లేకపోతే ఆ కొన్నాళ్లు ముగియవు. ఆ మనిషి రెండు వైపులా మాటపడతాడు.

## జీతం, ఎంపిక కానివాళ్లు

అదే గ్రేడ్‌లో పక్కకు మారితే జీతం మారదన్న రూలు సాధారణం. దాంతో పేచీ లేదు. కానీ ఆ పోస్టుకు బయటివాళ్లకు ఇవ్వదలచిన కనిష్ఠ జీతం కంటే లోపలి మనిషి జీతం తక్కువగా ఉంటే, కనీసం అంతవరకు పెంచాలి. పెంచకపోతే ఏడాది తిరిగేసరికి అదే ఉద్యోగి బయటి ఆఫర్ లెటర్‌తో వస్తాడు. ఏడాది మధ్యలో మారినవాళ్ల అప్రైజల్ ఎవరు రాస్తారు, బోనస్ ఏ టీమ్ లెక్కలో, సెలవులు కొనసాగుతాయా అన్నవి ముందే రాసుకోవాలి. ఒకే గ్రూపులోని వేరే కంపెనీకి మారుతుంటే సర్వీసు కొనసాగుతుందా, రాజీనామా ఇచ్చి కొత్తగా చేరినట్టా అన్నది తప్పనిసరిగా లెటర్‌లో ఉండాలి.

ఎంపిక కానివాళ్ల విషయం సంస్థలు అన్నిటికన్నా తక్కువ పట్టించుకుంటాయి. జె.ఆర్. కెల్లర్, క్యాథరిన్ డ్లూగోస్ కలిసి ఒక పెద్ద కంపెనీలో 9,000కు పైగా తిరస్కరణలను పరిశీలించారు. లోపలి పోస్టుకు ప్రయత్నించి రానివాళ్లు సంస్థను వదిలే అవకాశం, పోస్టు వచ్చినవాళ్లతో లేదా అసలు ప్రయత్నించనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అయితే ఇంటర్వ్యూ వరకు వెళ్లి ఆగిపోయినవాళ్లు, అంతకుముందే తిరస్కరించబడినవాళ్లతో పోలిస్తే సగమే వెళ్లిపోయారు. తమను కాదని ఇంకో లోపలి వ్యక్తిని తీసుకుంటే, బయటి వ్యక్తిని తీసుకున్నప్పటితో పోలిస్తే వెళ్లిపోవడం సగమే.

కాబట్టి ఆటోమేటిక్ మెయిల్ పంపి ఊరుకోకండి. ఎంపిక చేసే మేనేజర్ వీలైనంతమంది అర్హులను ఇంటర్వ్యూకు పిలవాలి. ఎంపిక కాని ప్రతి ఒక్కరితో 15 నిమిషాలు మాట్లాడాలి. ఏ నైపుణ్యం తక్కువైంది, అది ఎలా సంపాదించవచ్చు, ఆరు నెలల్లో ఇలాంటి పోస్టు వచ్చే వీలుందా అన్నది స్పష్టంగా చెప్పాలి. ఇది ఉద్యోగి మీద చూపే కనీస గౌరవం.

## మీ పరిస్థితికి ఏది?

50 మంది లోపు సంస్థ. పెద్ద పాలసీ వద్దు. ఖాళీ వచ్చిన ప్రతిసారీ అందరికీ ఒక మెయిల్, వారం గడువు చాలు. ఇంత చిన్న చోట రహస్యం దాగదు కాబట్టి మేనేజర్‌తో ముందే మాట్లాడటమే మంచిది. అయితే నిర్ణయం మాత్రం యజమాని చేతిలో ఉండాలి.

కొన్ని వందల మంది, పలు డిపార్ట్‌మెంట్లు. ఐజేపీని ప్రధాన పద్ధతి చేసుకోండి. అత్యవసర పోస్టులకు మాత్రం మేనేజర్ ఎంపిక, అదీ కారణం రాసి. పరిచయాలు ఎక్కువగా పనిచేసేది ఈ పరిమాణంలోనే, ఎందుకంటే అందరూ అందరికీ తెలిసినట్టే అనిపిస్తుంది, నిజానికి తెలియదు.

క్లయింట్ ప్రాజెక్టుల మీద నడిచే సర్వీసు కంపెనీ. ఇక్కడ మనిషిని వదిలితే బిల్లింగ్ ఆగుతుంది. 45 రోజుల గడువు కూడా కొన్నిసార్లు చాలదు. ప్రాజెక్టు మైలురాయికి రిలీవింగ్ తేదీని ముడిపెట్టవచ్చు, కానీ ఆ తేదీ ఎంపిక రోజే క్యాలెండర్ మీద ఉండాలి. "ప్రాజెక్టు అయ్యాక" అంటే ఎవరికీ అర్థం కాదు. బెంచ్ మీద, అంటే ప్రస్తుతం ఏ ప్రాజెక్టూ లేకుండా, ఉన్నవాళ్లకు ముందు అవకాశం ఇవ్వడం సహజమే. అయితే అన్ని ఐజేపీలూ వాళ్లకే పోతే, బాగా పనిచేసేవాళ్లు పాత ప్రాజెక్టులోనే ఇరుక్కుపోతారు.

షిఫ్టుల్లో నడిచే ఫ్యాక్టరీ, ఆసుపత్రి. ఒకే రకం పోస్టుల మధ్య షిఫ్టు, యూనిట్ మార్పులకు సీనియారిటీ వరుస. నైపుణ్యం మారే పోస్టులకు ఐజేపీ. కంప్యూటర్ ముందు కూర్చోనివాళ్లకు కూడా చేరేలా నోటీస్ బోర్డు, షిఫ్టు మార్పు సమయంలో చదివి వినిపించడం.

వేల మంది, పలు దేశాలు. ఐజేపీ ఒక పునాదిగా ఉండి, దాని మీద మార్కెట్‌ప్లేస్. పునాది లేకుండా సాఫ్ట్‌వేర్ కొనడాన్ని నేను సమర్థించను. నియంత్రణ అవసరమైన సీట్లకు మాత్రమే రొటేషన్.

## బదిలీ కోరుకునే ఉద్యోగి ఏం చూసుకోవాలి

దరఖాస్తు ముందు పాలసీ ఒకసారి పూర్తిగా చదవండి. మేనేజర్‌కు ఏ దశలో తెలుస్తుంది, రిలీవింగ్‌కు గరిష్ఠ గడువు ఎంత, ఒకసారి మారాక మళ్లీ ఎంతకాలం మారకూడదు అన్నవి ముఖ్యం. ఇవి పాలసీలో లేకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి, జవాబు రాతలో ఉంటుంది.

అవతలి టీమ్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ఒకరితో మాట్లాడండి. ఆ పోస్టు ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకోండి. కొత్తగా సృష్టించిన పోస్టా, ఏడాదిలో ముగ్గురు వదిలేసిన పోస్టా అన్నదాన్ని బట్టి మీ నిర్ణయం మారవచ్చు. ప్రస్తుత మేనేజర్ న్యాయమైన మనిషి అనుకుంటే, రూలు అడగకపోయినా ఇంటర్వ్యూకు ముందు మీరే చెప్పడం మంచిది. ఆ నమ్మకం లేకపోతే రూలు చెప్పినంతవరకే చెప్పండి. ఎంపికయ్యాక గ్రేడ్, జీతం, రిలీవింగ్ తేదీ, అప్రైజల్ ఎవరు రాస్తారన్నది, ఈ నాలుగూ ఒకే మెయిల్‌లో వచ్చేవరకు పాత పనిని అప్పగించడం మొదలుపెట్టకండి.